చల్లని ధార – వెచ్చని యూట



ఉష్ణకుండములు అనగానే జపాను, ఐస్‌లాండు మొదలగు దూరపు దీవులు మనకు స్ఫురించును. అచ్చట అగ్నిపర్వతములు గలవు. వాని గర్భమునందలి కరగిన శిలల వేడిచే నేలలోని నీరు కాగి పైకి వచ్చును. ఐస్‌లాండు ప్రజలు ఆ నీటిని గొట్టములగుండ ఇండ్లకు దెచ్చుకొని చలికాలమున గదులను వెచ్చపఱచుకొనుచున్నారు. మన దేశమున నేటికిని నిప్పులు గ్రక్కు కొండ ఒక్కటియే కలదు. అది అండమానులలోని బారెన్ దీవి. అట్టి కొండ యేదియు లేని మన గోదావరి యొడ్డున గూడ వేడినీరు ఊరుచున్నదని మనలో ఎందఱు ఎఱుగుదురు? జలపాతమును, వేడియూటను ఒక్క దినముననే చూచి రాదగిన త్రోవ మన వరంగల్లునకు గలదు. గత మార్గశిరమున మేము ఆ త్రోవను పోయి వచ్చితిమి.

మాసమును ఎంచుకొనుటలోనే సగము యుక్తి గలదు. శ్రావణ భాద్రపదములలో జలపాతము నిండుగా నుండును గాని వేడినీటి యిసుక గోదావరి వఱదలో మునిగియుండును. ఎండకాలమున ఇసుక బయటపడును గాని ధార సన్నగిల్లును. మార్గశిరము రెంటికిని అనుకూలము.

మా వారికి సెలవు దొరికిన దినమున, అత్తగారును, పదేండ్ల మా అమ్మాయియు వెంటరాగా, అద్దెకారులో తెల్లవాఱుజామున 4 గంటలకే బయలుదేఱితిమి. పులిహోర, దద్దోజనము, కాచి చల్లార్చిన నీరు ముందుగనే సిద్ధపఱచితిమి. ములుగు, తాడ్వాయి అడవులు దాటి, ఏటూరునాగారము మీదుగా ముల్లకట్ట వంతెనపై గోదావరిని దాటితిమి. ఆవలి యొడ్డున వాజేడు సమీపముననే బొగత జలపాతము.

చీకుపల్లి వాగు సుమారు 30 అడుగుల యెత్తునుండి వెడల్పైన రాతిమెట్టలపై విఱిగి పడుచుండును. పొంగిన పాలు గిన్నె అంచు దాటి నలుప్రక్కల జాఱినట్లుండును. ఆ తుంపరలు తగిలి మా అమ్మాయి గంతులు వేసినది. క్రింది మడుగు చూచుటకు ప్రశాంతమే గాని లోతు తెలియనిది. పిల్లల చేయి విడువరాదు. పైని కొండలలో వాన కుఱిసినచో క్రింద ఎండ కాయుచుండగనే వాగు పొంగవచ్చును. 2023 జూలై మాసమున ఈ ప్రాంతముననే, వెంకటాపురము సమీపమునగల ముత్యంధార జలపాతమును చూడబోయిన పర్యాటకులు పలువురు వాగులు పొంగి అడవిలో చిక్కుకొనగా, రక్షకదళములు పోయి వారిని వెలికి దేవలసివచ్చినది. కావున వానల దినములలో అధికారులు వలదన్నచో మఱుమాట లేక మరలివచ్చుటయే మేలు.

అచ్చటినుండి గోదావరి యుత్తరపు గట్టుననే వెంకటాపురము, చర్ల, దుమ్ముగూడెములమీదుగా భద్రాచలము చేరి, స్వామిదర్శనము చేసికొని, అయిదారు కిలోమీటర్ల దూరమునగల గుండాలకు పోతిమి. భద్రాచలము తెలంగాణమున నున్నది. గుండాల గ్రామము 2014లో రాష్ట్రవిభజనానంతరము ఆంధ్రప్రదేశమున జేరినది. నదికి మాత్రము ఆ హద్దు తెలియదు.

ఒడ్డునగల యిసుకలో ఆ యూరి స్త్రీ యొకతె చేతులతోనే చెలమ త్రవ్వినది. మూరెడు లోతు పోకమునుపే నీరు ఊరినది. వ్రేలు ముంచగా పసిబిడ్డకు తలంటుటకు కాచినంత వేడి! పది అడుగుల దూరమున గోదావరి చల్లగా పాఱుచునే యున్నది. చలిమాసములలో త్రిమూర్తులు ఈ యూటలో స్నానమాడుదురని అచ్చటివారి విశ్వాసము. అత్తగారు ఆ కథ విని నమస్కరించి, చెలమలో పాదములుంచి అరగంట కూర్చుండిరి. ఎన్నేండ్లుగానో మోకాళ్ల నొప్పులతో బాధపడు ఆమె, కఱ్ఱ పట్టకయే లేచి నాలుగడుగులు నడచిరి. మాకు కన్నుల నీరు తిరిగినది. అంతలోనే ఆమె, “రేపటినుండి ఆ మాత్రలు నాకు వలదు. ఈ నీరే నాకు మందు” అని సీసాలో నీరు నింపుకొనిరి.

మా అమ్మాయి మఱొక ప్రశ్న వేసినది: “అమ్మా, ఇసుక క్రింద పొయ్యి వెలిగించినది ఎవరు?” నాయనమ్మ “బడబాగ్ని, తల్లీ” అనిరి. భారతమున, ఔర్వుడు తన కోపాగ్నిని సముద్రమున విడువగా అది నీటిలోనే మండుచున్నదని కథ గలదు. ఆ కథ మాకును ప్రియమైనదే. కాని పిల్ల యడిగినది కారణము. పురాణమును పురాణముగను, ప్రకృతిని ప్రకృతిగను చెప్పుట తల్లుల విధి యని మా తలంపు.

కారణమిది. భూమి లోపల సహజముగనే వేడి యున్నది. భూమి పుట్టిననాటి వేడి కొంత, శిలలలోని కొన్ని మూలద్రవ్యములు క్రమముగా క్షీణించుటచే కలుగునది కొంత. లోతునకు పోయినకొలది, కిలోమీటరునకు సుమారు 25 మొదలు 30 డిగ్రీల చొప్పున వేడి హెచ్చును. గోదావరి లోయ కోట్లకొలది యేండ్ల క్రిందట నేల పగిలి దిగబడుటచే ఏర్పడినది. సింగరేణి బొగ్గు ఆ లోయలోని పొరలలోనిదే. ఆ పగుళ్లవెంట వాననీరు లోతునకు దిగి కాగి, చల్లాఱకమునుపే వేఱు పగులుగుండ పైకి వచ్చును. కావున ఇచ్చట పొయ్యి వెలిగించినది అగ్నిపర్వతము కాదు. వాననీటిలో కొంత కొండలమీదనే పాఱి చల్లని ధారయై దుముకును. కొంత నేలలోతునకు దిగి వెచ్చని యూటయై తిరిగివచ్చును.

ఆదిలాబాదు ప్రాంతపు నల్లని లావాశిలలు ఈ వేడికి కారణము కాబోలునని కొందఱు తలంతురు. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాటివి, ఎన్నడో చల్లాఱినవి. నేలలోతునగల వేడికి మణుగూరు సమీపమునగల పగిడేరు మఱొక సాక్ష్యము. అచ్చట బొగ్గుకై వేసిన బోరుగుండ వేడినీరు పైకి వచ్చినది. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్కేంద్రమును నెలకొల్పినది.

మరలివచ్చునపుడు భద్రాచలము వంతెన దాటి మణుగూరు, మంగపేటల త్రోవ పట్టితిమి. కారులో అత్తగారితో మెల్లగా ఇట్లంటిమి: “అత్తగారూ, మీకు నొప్పి తగ్గుట నిజమే. వెచ్చదనముచే బిగిసిన కండరములు సడలును, కీళ్లు కదలును. కాని ఆ సుఖము కొన్ని గంటలే నిలుచును. కీలు అరుగుట దానిచే ఆగదు. వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానరాదు.” ఆమె చాలసేపు పలుకలేదు. మంగపేట దాటిన పిమ్మట, “అట్లయిన ఇంటిలో కాచిన నీటికిని ఆ గుణము గలదా?” అని యడిగిరి. కలదని చెప్పితిమి. గుండాల నీరు ఇప్పుడు దేవుని గూటిలో నున్నది. ప్రతి సాయంకాలము మా అమ్మాయి నాయనమ్మ మోకాళ్లకు వేడినీటి కాపడము పెట్టుచున్నది. మాత్రయు తానే అందించుచున్నది.

వెళ్లదలచిన సోదరీమణులకు రెండు మాటలు. బయలు ఇసుకలో మఱుగుండదు. తెరగా పట్టుటకు పాత చీర యొకటి తీసికొనిపొండు. పసిబిడ్డ స్నానపు నీటిని చూచునట్లు మొదట మోచేతితో వేడి చూచి, పిదపనే పాదము మోపుడు. మధుమేహముచే పాదములు తిమ్మిరెక్కినవారికి కాలినను తెలియదు. వారి కొఱకు మఱొకరు చూడవలెను. గర్భిణులును, గుండెజబ్బు గలవారును వైద్యుని యడుగక వేడినీట దిగరాదు. పిల్లలు ప్రశ్న వేసినచో విసుగుకొనకుడు. ఇంటికి వచ్చిన పిమ్మటనైనను పుస్తకము తీసి వారితో కూర్చుండి బదులు వెదకుడు.