చీకట్లో చొక్కా రంగు

చెన్నపట్నంలో ఇప్పుడు కెమెరా లేని వీధి అరుదు. 2017లో పోలీసు కమిషనరుగా వచ్చిన ఎ. కె. విశ్వనాథన్‌గారి హయాములో "మూడవ కన్ను" అనే పేరుతో వీధులకూ, అంగళ్లకూ కెమెరాలు పెట్టించడం ఉద్యమంలా సాగింది. ఆ ఊపులో పెరంబూరులోని మా ఫ్లాట్లవాళ్లమూ తలా కొంత వేసుకొని గేటు దగ్గర ఒకటి బిగించినాము. ఇక నిశ్చింతగా నిద్రపోవచ్చు ననుకొన్నాము.

పోయిన వానకాలంలో మెట్ల కింద ఉన్న పొరుగింటి పిన్నిగారి ఇత్తడి గంగాళం మాయమైంది. అది ఆవిడ అత్తగారి నాటిది. కెమెరా తిప్పి చూస్తే రాత్రి రెండు గంటలకు ఒక ఆకారం కనబడింది. ముఖం సున్నం కొట్టినట్లు తెల్లని మచ్చ. చొక్కా కూడా తెలుపే. తెల్లచొక్కా వేసేది మా వాచ్‌మన్ పెద్దాయన గదా! ఇంకేం, అందరి చూపులూ అటే తిరిగినవి. "ఇన్నేళ్లు మీ అన్నం తిని ఆ పని చేస్తానా బాబూ?" అన్నాడాయన. మేమూ నోరు మెదపలేదు. మరునాడు ఆయన పనికి రాలేదు.

వారం తరువాత మా అబ్బాయి రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరినాడు. ఎన్ని గంటలకు వచ్చినాడో చూద్దామని కెమెరా తిప్పినాము. వాడు వేసుకొన్నది నల్లచొక్కా. బొమ్మలో తెల్లగా ఉన్నది! గేటు పక్క వేపాకులు కూడా మంచు పట్టినట్లు తెల్లగా మెరుస్తున్నవి.

సంగతి యేమిటంటే, రాత్రిపూట ఈ కెమెరా చూచేది మన కంటికి ఆనే వెలుతురుతో కాదు. దాని చుట్టూ ఉన్న చిన్న దీపాలు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చిమ్ముతాయి. 1800లో విలియం హెర్షెల్ అనే ఆయన పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల థర్మామీటరు పెట్టి, కనిపెట్టిన కాంతి ఇదే. మన కంటికి నల్లగా ఉన్న అద్దకం ఆ కాంతిని మింగకుండా తిప్పి కొట్టవచ్చు. కాబట్టి రాత్రి బొమ్మలో చొక్కా రంగు చూచి మనిషిని పోల్చరాదు.

ఆ మాట చెప్పుకొని పెద్దాయన ఇంటికి వెళ్లినాము. రెండు సార్లు తిరిగితే గాని రాలేదు. గంగాళం మాత్రం దొరకలేదు.

ముఖం తెల్లబడడానికి కారణం వేరు. దీపాలు లెన్సు పక్కనే ఉండడంవల్ల దగ్గరి గోడ మీదా, సాలెగూడు మీదా, వానచినుకుల మీదా పడిన వెలుగు తిరిగి కంట్లోనే కొడుతుంది. దగ్గర నిలిచినవాడు తెల్లబారిపోతాడు, దూరపువాడు చీకటిలో కలిసిపోతాడు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతే గదా.

మేము మొదట బూజు దులిపి, అద్దం తుడిచి, గోడ చూపులో పడకుండా కెమెరాను కొంచెం తిప్పినాము. తరువాత రిచ్చీ స్ట్రీటులో విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం కొన్నాము. వాటిలో 850 నానోమీటర్లది మసక ఎరుపుగా కనబడుతుంది. 940ది కంటికి కనబడదు గాని, కెమెరాకు అంత బాగా ఆనదు. మేము 850దే తీసుకొన్నాము. దొంగకు దీపం కనబడితే మనకేం నష్టం? దానిని కెమెరాకు ఐదడుగుల ఎడంగా బిగించి, కెమెరాలోని సొంత దీపాలు ఆర్పినాము. ఇప్పుడు ముక్కూ మొగమూ తెలుస్తున్నవి.

"రంగు కావాలంటే మామూలు బల్బు వేస్తే సరిపోయేది" అని మా ఆవిడ అన్నది. నిజమే. కాని కింది వాటావారి పడకగది కిటికీ సరిగ్గా అక్కడే ఉన్నది.

మొన్న పెద్దాయన వచ్చి తన బొమ్మ ఎట్లా పడుతున్నదో చూపించమన్నాడు. చూపించినాము. చాలాసేపు చూచి, "చొక్కా మాత్రం ఇంకా తెలుపే బాబూ" అన్నాడు.