గవ్వల దీవులలో కొత్త నాణెం

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అన్న మాట వినబడని ఇల్లు తెలుగునాట అరుదు. ఆ గవ్వ ఒకప్పుడు నిజంగానే నాణెం. దానికి ప్రధానమైన పుట్టినిల్లు హిందూ మహాసముద్రంలోని మాల్దీవులు. అక్కడివారు గవ్వలను సముద్రంలోనుంచి ఏరి, గోతులలో పూడ్చి, లోని మాంసం క్రుళ్ళిపోయాక శుభ్రపరచి బెంగాలుకు పంపేవారు. బదులుగా బియ్యం తెచ్చుకొనేవారు. 14వ శతాబ్దంలో ఆ దీవులలో న్యాయాధికారిగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఈ సంగతులు వ్రాసిపెట్టాడు.

కాలక్రమాన గవ్వ చెల్లుబాటు పోయింది. కొబ్బరి పీచు, ఎండు చేపలు మిగిలాయి. దాదాపు 1200 దీవులు. వాటిలో జనం నివసించేవి 200 లోపే. ఇవి పర్యాటకానికి అనువైనవి కావని 1960 దశకంలో వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణులు తేల్చివేశారు. అయినా 1972 ఫిబ్రవరిలో ఇరవైమందికి పైగా ఇటలీ యాత్రికులు వచ్చి దిగారు. అదే సంవత్సరం అక్టోబరులో, మనుష్యసంచారం లేని ఒక దీవిలో, పగడపు రాతి గోడలతో, కొబ్బరాకుల కప్పుతో తొలి విహారకేంద్రం వెలిసింది. దానికి పెట్టిన పేరు 'కురుంబా'. వారి భాషలో లేత కొబ్బరికాయ అని అర్థం.

నేడు ఆ దేశ జనాభా ఐదు లక్షల పైచిలుకు. 2024లో వచ్చిన యాత్రికులు ఇరవై లక్షలకు మించారు. బడులు, ఆసుపత్రులు, రేవులు కట్టడానికి ప్రభుత్వానికి ఈ రాబడే ఆధారమైంది. 2011లో ఆ దేశం అత్యల్పాభివృద్ధి దేశాల జాబితానుండి బయటపడింది.

అయితే ఆ ధనం ఎవరి గుమ్మంలో వచ్చి వాలింది?

ఒక దీవికి ఒకే విహారకేంద్రం. అదీ జనం లేని దీవిలోనే. దశాబ్దాలపాటు సాగిన పద్ధతి ఇది. మద్యం, విదేశీయుల వస్త్రధారణ గ్రామజీవితాన్ని కలత పెట్టకూడదన్నది ఇందులోని ఒక ఉద్దేశం. ఫలితంగా పల్లెలోని యువకుడు వడ్డనకో, పడవ నడపడానికో ఇల్లు విడిచి నెలల తరబడి వెళ్ళవలసి వచ్చింది. స్త్రీలలో అలా వెళ్ళినవారు బహు స్వల్పం. అతిథుల పళ్ళెంలోని ఆహారంలో అధికభాగం విదేశాలనుండి దిగుమతి అయ్యేది. రాత్రివేళ నీటికి ఆవల కనిపించే దీపాల వరుసే చాలా పల్లెలకు పర్యాటకం!

2010 ప్రాంతంలో ఈ గీత చెరిగింది. జనం నివసించే దీవులలోనూ అతిథి గృహాలు నడుపుకోవడానికి వీలు కలిగింది. రాజధాని మాలేకు దక్షిణాన ఉన్న మాఫుషి దీవి ఇందుకు మంచి ఉదాహరణ. పొడవు కిలోమీటరు పైచిలుకు మాత్రమే. ఇప్పుడక్కడ వీధివీధినా బసలే. చేప, కొబ్బరికోరు, ఉల్లిపాయ కలిపిన 'మస్ హుని'ని రొట్టెతో వడ్డిస్తే అదీ సంపాదనే. 'దోనీ' పడవపై అతిథిని పగడపు దిబ్బలకు తీసుకువెళ్తే అదీ సంపాదనే. మద్యం నిషేధం కొనసాగుతున్నది. విదేశీయుల స్నానాలకు వేరే తీరం కేటాయించారు. ఆచారమూ నిలిచింది, ఆదాయమూ ఇంటికి చేరింది.

ఇందుకు మూల్యం లేకపోలేదు. అతిథులు పెరిగినకొద్దీ చెత్త పెరుగుతుంది, మంచినీటి అవసరం పెరుగుతుంది. పోగుపడిన చెత్తకోసం 1990 దశకంలో తిలఫుషి అనే దీవినే కేటాయించవలసి వచ్చింది. పైగా ఈ బేరం పరుల రాకపై ఆధారపడినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఒక్క దినంలో దేశాన్ని కుదిపివేసింది. 2020లో మహమ్మారి కారణంగా మార్చి చివరినుండి జూలై మధ్యవరకు యాత్రికుల రాక నిలిచిపోగా, ఆ ఏడాది దేశ ఆర్థికవ్యవస్థ దాదాపు మూడోవంతు కుంచించుకుపోయింది. అట్టి సమయంలో గాలమూ దోనీ విడువని కుటుంబానికి కనీసం కూటికి లోటుండదు. అన్నీ అమ్మి గదులు కట్టినవాడికి మిగిలేవి తాళంచెవులు.

గవ్వకు విలువ కట్టింది పరాయి దేశమే. దానిని ఏరిన చేతులు మాత్రం ఆ దీవివారివి, బదులుగా వచ్చిన బియ్యం ఉడికింది ఆ దీవి పొయ్యిమీదనే. కొత్త నాణేనికైనా కొలబద్ద అదే. ఎందరు యాత్రికులు వచ్చారన్నది లెక్కల పుస్తకానికి సంబంధించినది. ఎన్ని పొయ్యిలు వెలిగాయన్నదే దీవికి సంబంధించినది.