కళ్లకు అప్పగించిన విమానం

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 బెంగళూరు రన్‌వే అందకముందే గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. ఇంజిన్లు బాగానే ఉన్నాయి. అయితే ఆటోమేటిక్ వ్యవస్థ వేగాన్ని నిలబెట్టే మోడ్‌లో లేదు. ఇంజిన్లను ఐడిల్‌లో ఉంచి కిందికి దించే మోడ్‌లో ఉంది. పైలట్లు గమనించేసరికి వేగం పడిపోయింది. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా బోయింగ్ 777కూ దాదాపు ఇదే జరిగింది. వేగాన్ని ఆటోథ్రాటిల్ చూసుకుంటుందని పైలట్ నమ్మాడు. అది ఆ పని మానుకున్న మోడ్‌లో ఉంది.

రెండు కంపెనీల విమానాలు, 23 ఏళ్ల ఎడం, అదే పొరపాటు. దీన్ని 'పైలట్ తప్పిదం' అని తేల్చి ఫైలు మూసేయడం అన్యాయం. మనం ఆ మనిషి పనినే మార్చేశాం. ఫ్లైట్ ఇంజినీరు సీటు తీసేశాం. టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్‌కు అప్పగించి, గంటల తరబడి తెరలకేసి చూస్తూ కూర్చోమన్నాం. ఏమీ జరగని చోట చూపు నిలపడం చేత్తో నడపడం కన్నా కష్టం. అరుదుగా వచ్చే ఆపదను మనిషికి వదిలి, దానికి కావలసిన రోజువారీ సాధనను యంత్రం లాగేసుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు.

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద జరిగింది అచ్చంగా అదే. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగాన్ని కొలిచే పీటో గొట్టాలను మంచు మూసేసింది. లెక్క తప్పిన ఆటోపైలట్ తప్పుకుంది. అప్పటికి విమానం చక్కగానే ఎగురుతోంది. ఉన్న స్థితిలోనే కుదురుగా పట్టుకుంటే చాలు. కానీ కోపైలట్ స్టిక్‌ను వెనక్కి లాగాడు. ముక్కు పైకి లేచింది, వేగం పోయింది, రెక్కలకు గాలి ఆసరా తప్పింది. ఆ స్థితిని తెలిపే స్టాల్ హెచ్చరిక మోగసాగింది. వేగం మరీ తగ్గినప్పుడు ఆ హెచ్చరిక ఆగిపోయేది. ముక్కు దించగానే మళ్లీ మోగేది. సరైన పని చేస్తే అరిచే యంత్రాన్ని ఆ చీకట్లో ఎవరు అర్థం చేసుకోగలరు? నాలుగున్నర నిమిషాల్లోపే 228 మంది సముద్రం పాలయ్యారు. అంత ఎత్తులో చేత్తో నడపడంలో ఆ కోపైలట్లకు శిక్షణే లేదని దర్యాప్తులో తేలింది.

ఆటోమేషన్ వల్ల ప్రయాణం మునుపటికన్నా ఎంతో భద్రమైంది. దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. చేతి సాధనకు సమయం కేటాయించమనే అడగాలి. అనువైన వేళ చేత్తో నడపడాన్ని ప్రోత్సహించమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2013 జనవరిలో ఎయిర్‌లైన్స్‌కు సూచించింది. సూచన చాలదు, నిబంధన కావాలి. సిమ్యులేటర్లో చెప్పి పెట్టే ఇంజిన్ వైఫల్యాలతో సరిపెట్టకుండా, చెప్పకుండా ఆటోపైలట్ తప్పుకునే క్షణాన్నీ అభ్యసింపజేయాలి.

ఇలాంటప్పుడు, దూర ప్రయాణాల నడుమ కాక్‌పిట్‌లో ఒక్క పైలటే ఉంటే చాలదా అని ఐరోపాలో పరిశీలనలు సాగాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా కూలిన రోజు కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. వెనక సీటులోని పైలట్, మరీ వేగంగా దిగుతున్నామని పదేపదే చెప్పాడు కూడా.