తేడాగాడి కథ ఏ అరలో ఉంటుంది?

అసలు తెలుగులో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళ కోసం రాసే కథలంటూ ఉన్నాయా? ముందు దీనికి జవాబు చెప్పండి. ఆ కథల్లో గే పిల్లాడున్నాడా, లెస్బియన్ పిల్ల ఉందా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

మన ముందు తరం వాళ్ళు పన్నెండేళ్ళ దాకా చందమామ, బాలమిత్ర చదివారు. ఆ తర్వాత సరాసరి మధుబాబు షాడోలోకో యండమూరిలోకో దూకేశారు. మధ్యలో వంతెన లేదు. ఇప్పుడు చందమామ కూడా మూతపడి పదేళ్ళు దాటింది. ఇంగ్లీషులో ఈ వయసు వాళ్ళకి వేరే అరలే ఉంటాయి, యంగ్ అడల్ట్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మనకి ఆ అరా లేదు, పేరూ లేదు. కావాలంటే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి కమలానగర్ వైపు ఏ పుస్తకాల షాపుకైనా వెళ్ళి చూడండి. గుమ్మం దగ్గర్నుంచి పైకప్పు దాకా ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలట), జేఈఈ, నీట్, గ్రూప్-2, ఎస్సై మెటీరియల్. కథల పుస్తకాలు అని అడిగితే ఓ మూల చూపిస్తారు. అక్కడ వ్యక్తిత్వ వికాసం, చేతన్ భగత్, తెనాలి రాముడు. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా ఎన్ని వేల మంది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు హాస్టళ్ళలో ఉంటారో ఆ రోడ్డున పోయే అందరికీ తెలుసు. వాళ్ళ కోసం ఇన్ని ప్రశ్నపత్రాలున్నాయి గానీ వాళ్ళ గురించి ఒక్క నవల లేదు.

సరే, ఇక అసలు సంగతి. ఆ వేల మందిలో కొంతమందికి తోటి మగపిల్లాడంటేనే ఇష్టం కలుగుతుంది, కొంతమంది అమ్మాయిలకి పక్క బెడ్ అమ్మాయంటేనే. కొంతమందికి తమకి పుట్టుకతో అంటగట్టిన ఆడా మగా లెక్కే కుదరదు. ఇది ఎక్కణ్ణుంచో దిగుమతైన ఫ్యాషన్ కాదు, ఏ రూములోనైనా ఒకడుంటాడు. వాడికి తన గురించి తెలుగులో దొరికేదేవిటి?

మొదటిది సినిమా కామెడీ ట్రాక్. నడుం తిప్పుకుంటూ ఒకడొస్తాడు, హీరో ఫ్రెండు మీద చెయ్యేస్తాడు, ఫ్రెండు హడలిపోతాడు, హాలంతా నవ్వుతుంది. రెండోది ఎల్బీనగర్ రింగు రోడ్డు సిగ్నల్ దగ్గర చప్పట్లు కొడుతూ చెయ్యి చాపే ట్రాన్స్ మహిళ. ఆవిడకి ఇంకే ఉద్యోగమూ ఎందుకు దొరకలేదో ఆ పిల్లాడికి ఎవరూ చెప్పరు. మూడోది పేపర్లో వచ్చే మాట, "స్వలింగ సంపర్కులు". ఈ మాట మీద నాకు చాలా కోపం. ఒక మనిషి ఎవర్ని ప్రేమిస్తాడు, ఎవరితో కలిసి ముసలివాడవుదామనుకుంటాడు అన్న సంగతంతా తీసేసి, పడకలో ఏం చేస్తాడన్నదాన్నే పేరుగా పెట్టేశాం. మీ పెళ్ళి శుభలేఖలో "భిన్నలింగ సంపర్కులైన చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అని వేయించుకున్నారా? లేదు కదా. పదిహేడేళ్ళ కుర్రాడు ఎవడి చెయ్యీ పట్టుకోకముందే వాడికి ఆ బోర్డు తగిలిస్తాం. ఇక నాలుగోది హాస్టల్ భాష. తేడా, ఆడంగి, పాయింట్ ఫైవ్. ఈ చివరిది కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ ఎంపీసీ వాడే అయ్యుంటాడు.

నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా, 2013 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు సెక్షన్ 377ని మళ్ళీ నిలబెట్టింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పుని కొట్టేసింది. మర్నాడు మా మెస్సులో పేపరు చేతులు మారింది. మా సెక్షన్లో మెత్తగా మాట్లాడే కుర్రాడొకడుండేవాడు. మా లెక్చరరు ఒకాయన (కాలేజీ పేరు అనవసరం) క్లాసులో వాణ్ణి లేపి "ఇక జాగ్రత్తగా ఉండవోయ్, జైల్లో వేస్తారు" అన్నాడు. తొంభై మంది నవ్వారు. సంక్రాంతి సెలవులకెళ్ళిన వాడు తిరిగి రాలేదు. వాడు గేనో కాదో నాకు ఇవాళ్టికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. వాడి చేతిలో గానీ, ఆ నవ్విన తొంభై మంది చేతుల్లో గానీ ఇలాంటి కుర్రాడు ప్రధాన పాత్రగా ఉన్న ఒక్క తెలుగు కథ లేదు. నా గొడవ అది.

ఆ 377 కాస్తా 2018 సెప్టెంబరు 6న పోయింది, పెద్దవాళ్ళు పరస్పరం ఇష్టపడి చేసేది నేరం కాదని ఐదుగురు జడ్జీలు తేల్చారు. సరిగ్గా పద్దెనిమిది రోజులకి, 24న, అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. మెట్రో వల్ల మన ఏరియా ఎంత మారిందో చూశాం. తీర్పు వల్ల ఏం మారిందంటే, కోర్టులో మారింది. 2023 జూలైలో మన తెలంగాణ హైకోర్టు ఇంకో పని చేసింది. నిజాం కాలం నాటి, 1919 నాటి హిజ్రాల చట్టాన్ని కొట్టేసింది. ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చని రాసుకున్న చట్టం అది! దాని మీద పోరాడిన వాళ్ళలో వైజయంతి వసంత మొగ్లి ఉన్నారు. వందేళ్ళ పైబడిన చట్టం పోయిన సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

"మన సంస్కృతిలో ఇవన్నీ లేవు గురూ, పిల్లల బుర్రల్లోకి ఎందుకెక్కించడం" అనేవాళ్ళకి ఒక మాట. నర్తనశాల (1963) ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం, బృహన్నలగా ఎన్టీఆర్‌ని చూసి చప్పట్లు కొట్టాం. కోనసీమలో ర్యాలి గుడికి పిల్లల్ని తీసుకెళ్ళి, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక నుంచి చూస్తే మోహిని అని మనమే చూపిస్తాం. సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారికి, వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి పద్మశ్రీలిచ్చి గౌరవించుకున్నాం. ఆడవేషం వేరు, స్వలింగ ప్రేమ వేరు అంటారా? ఒప్పుకుంటా, వేరే. కానీ మీరు "పిల్లలకి ఇలాంటివి చూపిస్తే పాడైపోతారు" అన్నారు చూడండి, ఆ లెక్కన బృహన్నలని చూసి ఇన్ని తరాలు పాడైపోవాలి. ఎవరైనా పాడయ్యారా?

పుస్తకం చదివి ఎవడూ గే అవడు. అలా అయ్యేట్టయితే వేల కొద్దీ హీరో హీరోయిన్ల సినిమాలు చూసిన గే కుర్రాళ్ళంతా ఈపాటికి మారిపోయి ఉండాలి కదా. ఇది లాజిక్కు, డీబగ్గింగ్ చేసి పొట్టపోసుకునేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అయినా భయం భయమే. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎలా కలుపుకుపోవాలో ఒక పుస్తకం తయారుచేశారు. పిల్లలకి కూడా కాదు, టీచర్లకి. ఫిర్యాదులొచ్చాయి, బాలల హక్కుల కమిషన్ లేఖ రాసింది, కొద్దిరోజుల్లోనే అది వెబ్‌సైటు నుంచి మాయమైపోయింది. అమెరికా వాళ్ళూ తక్కువేం తినలేదు లెండి. నాన్సీ గార్డెన్ రాసిన యానీ ఆన్ మై మైండ్ (1982), ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుని చివరికి సుఖంగానే ఉండే నవల, దాన్ని 1993లో కాన్సాస్ సిటీలో బహిరంగంగా తగలబెట్టారు. పక్కనే ఓలేత అనే ఊళ్ళో స్కూలు లైబ్రరీల నుంచి తీసేస్తే విద్యార్థులే కోర్టుకెళ్ళారు, 1995లో గెలిచి వెనక్కి తెప్పించుకున్నారు. విద్యార్థులు! ఇక్కడ తీసెయ్యడానికి లైబ్రరీ ఏదీ?

ఇండియాలో ఇంగ్లీషులో కొంత వచ్చింది. 2014లో పాయల్ ధర్ స్లైట్లీ బర్ంట్ రాసింది. అందులో కోమల్ అనే అమ్మాయికి తన ప్రాణస్నేహితుడు సాహిల్ తాను గే అని చెప్తాడు, ఇక ఆ అమ్మాయి తంటాలు. దాదాపు అప్పుడే హిమాంజలి శంకర్ టాకింగ్ ఆఫ్ ముస్కాన్ వచ్చింది. ముస్కాన్ ఆత్మహత్యా ప్రయత్నంతో మొదలవుతుంది, చుట్టూ ఉన్న ముగ్గురు కథ చెప్తారు. మంచి నవలే, కానీ నాకు దాంతో ఒక పేచీ ఉంది. మాట్లాడేదంతా చుట్టూ ఉన్నవాళ్ళే, ముస్కాన్ కాదు. మన వాళ్ళు ఎప్పుడైనా ఈ సబ్జెక్టు ముట్టుకుంటే కూడా ఇలాగే చస్తారని నా భయం. చావో, సందేశమో, కౌన్సెలరు పాత్రో. 2018లో వచ్చిన అ! సినిమాలో ప్రశాంత్ వర్మ ఇద్దరమ్మాయిల జంటని మామూలుగా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు, అమ్మానాన్నలతో మాట్లాడించాడు. అందులో ఆ సన్నివేశం చూసి హాయిగా అనిపించింది.

పెద్దల సాహిత్యం కొంత నయం. రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు ఒక హిజ్రా ఆత్మకథగా తెలుగులోకి తెస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, 2019కి సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి వచ్చింది. కన్నడంలో వసుధేంద్ర మోహనస్వామి (2013) తెలుగులోకీ వచ్చింది. ఈయన గురించి మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే బెంగుళూరులో ఏళ్ళ తరబడి మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మనిషి. బళ్ళారి జిల్లా సండూరు నుంచొచ్చాడు, అంటే మన సరిహద్దు పక్కనే. నాలుగు దశాబ్దాలు దాటిన వయసులో తన బతుకునే కథలుగా రాశాడు. తెలుగులో మనలో లక్షల మందిమి ఉన్నాం, సొంతంగా అలాంటి పుస్తకం రాసినవాడు ఒక్కడు నాకు కనబడలేదు.

మనం ఏం చేస్తున్నామంటే, జూన్ నెలలో ఐడీ కార్డుకి ఇంద్రధనుస్సు ట్యాగు తగిలించుకుంటాం. ఆఫీసులో కప్‌కేకులు తింటాం. ట్రైనింగ్ వీడియో రెండింతల స్పీడులో నడిపి, క్విజ్జులో ఎనభై శాతం తెచ్చుకుని సర్టిఫికెట్టు డౌన్‌లోడ్ చేసుకుంటాం. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారగానే అభిప్రాయం కూడా మారుతుంది. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ట్యాగు బ్యాగులో ఉంటుంది, ఇంట్లో తమ్ముడు కొంచెం సుకుమారంగా మాట్లాడితే "ఏంట్రా ఆ మాటలు, తేడాగా" అంటాం. ఇంగ్లీషులో ఉదారంగా ఉండి తెలుగులో మాత్రం మన బాబాయిల్లాగే ఉండటం ఎలా కుదురుతోంది మనకి? నాకు తోచిందేవిటంటే, ఇంగ్లీషులో మనకి మాటలు దొరికాయి, హార్ట్‌స్టాపర్ లాంటివి దొరికాయి. తెలుగులో ఆ విషయం మాట్లాడటానికి పాయింట్ ఫైవే దొరికింది. డాలస్‌లో ఉన్న మన వాళ్ళ పిల్లలకి కూడా అంతే, బడిలో ఒక భాష, ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడాల్సొస్తే నోరు పెగలదు.

నాకు కావాల్సింది నీతి కథ కాదు. చైతన్యపురిలో హాస్టల్, ఆదివారం చికెన్, శనివారం వీక్లీ టెస్టు, ర్యాంకు పడిపోతే నాన్నకి ఫోను. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద ఇద్దరు కుర్రాళ్ళు, పానీపూరీ డబ్బులు ఎవడివ్వాలో తగువు. ఒకడికి రెండోవాడంటే ఇష్టం, చెప్పాలా వద్దా. మధ్యలో వార్డెన్ ఫోన్లు గుంజుకోవడం, పేపర్ లీకు, ఏదో ఒక డిటెక్టివ్ గొడవ. యండమూరిలా పరుగెత్తించండి, ఎవరొద్దన్నారు? చివర్లో ఎవడూ చావకూడదు. జేఈఈ రాకపోయినా ఫర్వాలేదు.

ప్రతిలిపిలో రోజూ ప్రేమకథలు రాసేవాళ్ళలో మనవాళ్ళెందరో ఉన్నారు. 2017లో తానా నవలల పోటీ పెట్టి బహుమతులిచ్చింది, అలాంటిదే ఒకటి పదహారేళ్ళ వాళ్ళ నవలకని పెట్టమనండి. అంతదాకా ఆగలేనివాళ్ళు మోహనస్వామి తెప్పించుకుని చదవండి (టీనేజి పుస్తకం కాదది, పెద్దవాళ్ళకే). నా కాపీ ఇద్దామంటే మా టీములో ఒకబ్బాయి తీసుకెళ్ళి నాలుగు నెలలైంది. వాడు తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.