మన బడికి మొలక పరీక్ష



విత్తనము చల్లుటకు ముందు మనలో తెలివిగల రైతు చేయు పని యొకటి కలదు. నూరు గింజలను లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టలో చుట్టి, నీడ పట్టున ఉంచి, దినదినము నీరు చిలుకరించి, కొన్ని దినముల పిమ్మట విప్పి, ఎన్ని మొలచెనో చూచుకొనును. వరి విత్తనము నూటికి 80 వంతులకు తక్కువగాక మొలవవలెనని ధ్రువీకరణ నియమము. అంతకు తగ్గినచో ఆ విత్తనమును తిరిగి దుకాణమునకే చేర్చుదుము. గింజ విషయమున ఇంత జాగ్రత్త గల మనము, మన యూరి బడి విషయమున ఇట్టి పరీక్షను ఏనాడైనను చేసితిమా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలముగా బాధించుచున్నది. దానికి కారణమైన సంగతిని ముందుగా మనవి చేసెదను.

గడచిన సార్వా పంటలో ఒక గ్రామమున వరిపైరుపై మందు చల్లు విధమును రైతులకు చూపుచుంటిని. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలుపవలసిన మందు అది. వీపున తగిలించుకొను పంపులో 16 లీటర్ల నీరు పట్టును. పంపునకు ఎంత మందు పోయవలెనో ఎవరైన చెప్పుడని అడిగితిని. ఒక పెద్దరైతు తన మనుమని ముందునకు నెట్టి, “అయ్యా, మావాడు అయిదవ తరగతి చదువుచున్నాడండి. వీడు చెప్పును” అనెను. బాలుడు డబ్బాను చేతబట్టుకొని నిలిచెను. దానిపై పసుపుపచ్చని త్రికోణము కలదు. అది మిక్కిలి విషమునకు గుర్తు. దాని ప్రక్కనున్న తెలుగు అక్షరములను ఆ బాలుడు కూడబలుకలేకపోయెను. పదునారు రెండ్లు ఎంతయో చెప్పలేకపోయెను. తాత ఏమియు అనలేదు. తలగుడ్డ విప్పి మొగము తుడుచుకొనెను.

ఆ బాలుడు మందబుద్ధి కాడు. గట్టు వెంట నడచుచు, ఏ మడికి ఏనాడు నీరు పెట్టిరో, ఏ మడిలో దోమ కనబడెనో నాకు తప్పులేక చెప్పినవాడు వాడే. అట్టివానికి అయిదేండ్ల బడి ఈ కొంచెము చదువును, ఈ కొంచెము లెక్కను ఇయ్యలేకపోయెను. మందు లెక్క తప్పినచో పైరు మాత్రమే కాదు, చల్లువాని ప్రాణము సైతము ప్రమాదమున పడును. కాబట్టి ఇది చదువుకొన్నవారి ముచ్చట కాదు, మన పొలముల ముచ్చటయే.

ఇది ఆ యొక్క యూరి లోపమే యని తలచి ఊరడిల్లుటకు వీలులేదు. ప్రథమ్ అను సంస్థ 2005వ సంవత్సరము మొదలు పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచే చదివించి, ఆ ఫలితములను ‘అసర్’ అను పేర ప్రకటించుచున్నది. 2024వ సంవత్సరపు నివేదికను బట్టి చూడగా, దేశమందలి పల్లెలలో 5వ తరగతి పిల్లలయందు 2వ తరగతి పాఠమును చదువగలవారు సగముకంటె కొంచెము తక్కువగనే యున్నారు. నూటికి సగము మొలవని విత్తనమును మన మెవ్వరమైన పొలమున చల్లుదుమా?

ఈ బడి ఎవరిది? పూర్వము మదరాసు రాజధానిలో 1884వ సంవత్సరపు స్థానిక బోర్డుల చట్టముతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడి పల్లె బడులను నడపినవి. 1920లో ప్రాథమిక విద్యకు వేరొక చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి బడులను చేపట్టినవి. 1986 చట్టముతో సమితుల స్థానమున మండల పరిషత్తులు వచ్చినవి. అందుచేతనే నేటికిని మన బడి గోడపై మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలయని వ్రాసియుండును. బోర్డు మారెను, సమితి మారెను, పేరు మారెను. కాని “ఇది సర్కారువారి బడి” యను మన మాట మాత్రము మారలేదు. మనది కానిదానిని మనమేల అడుగుదుము?

అయినను చట్టము మనకు ఆ హక్కును చేతికిచ్చియే యున్నది. 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ప్రతి సర్కారు బడికిని ఒక యాజమాన్య సంఘము ఉండవలెను. అందు నాలుగింట మూడు వంతులు ఆ బడిలో చదువు పిల్లల తలిదండ్రులే యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. బడి నడకను కనిపెట్టుట, బడి అభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన సొమ్ము ఎట్లు ఖర్చయ్యెనో చూచుట వారి విధులు. మన సహకార సంఘపు పాలకవర్గమునకును దీనికిని భేద మెంత? ఇంచుమించు ఏమియు లేదు.

భేదము ఆచరణమున నున్నది. నేను తిరిగిన పెక్కు గ్రామములలో ఆ సంఘము కాగితముపైననే నిదురించుచున్నది. తీర్మానము ముందే వ్రాయబడును. కూలికి పోవు తల్లి దారిలో ఆగి వేలిముద్ర వేసి పోవును. ఇందుకు మూలము నాకు తోచినంతవరకు ఇది: ఊరిలో మాట చెల్లు కుటుంబములవారు తమ పిల్లలను పసుపుపచ్చని బండ్లలో పట్నపు బడులకు పంపుచున్నారు. వారి పిల్లలు ఊరి బడిలో లేనందున వారు తలిదండ్రులుగా సంఘమునకు అర్హులు కారు. మిగిలినవారు దినకూలి చేసికొను పేదలు. ఉపాధ్యాయుని ప్రశ్నించుటకు జంకువారు. పెద్దరైతు బిడ్డ బడిని విడిచిన దినముననే ఆ బడికి అడుగువాడు లేకపోయెను. ఈ నింద నాకును వర్తించును. నా పిల్లలును పట్నపు బడిలోనే చదివిరి.

పిల్లలు తగ్గినకొలది బడి ఎట్లు క్షీణించునో వినుడు. చట్టమును బట్టి 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 90 వరకు ముగ్గురు ఉండవలెను. పిల్లలు తగ్గగా ఉపాధ్యాయులును తగ్గుదురు. కేంద్రపు సమగ్ర శిక్షా పథకమందును బడికి వచ్చు సాలుసరి సొమ్ము పిల్లల సంఖ్యను బట్టియే యుండును. ఒక్క ఉపాధ్యాయుడు అయిదు తరగతులను చూడవలసివచ్చును; ఆయన మండల కేంద్రమునకు పోయిన దినమున బడికి తాళము పడును. అది చూచి మరి నలుగురు పిల్లలను మాన్పింతురు. పిమ్మట బడిని వేరొక బడిలో కలుపుమను మాట వచ్చును. ఆంధ్రప్రదేశమున 2022లో 3, 4, 5 తరగతులను చేరువనున్న ఉన్నత పాఠశాలలకు తరలింపగా పల్లెలలో ఎంత అలజడి కలిగెనో, 2025లో ఆ యుత్తర్వు ఎట్లు రద్దయ్యెనో మీరెఱుగుదురు. బడి పోవునపుడు పుట్టు కోపము, బడి చెడిపోవుచున్నపుడు పుట్టకపోవుట నాకు వింతగా నున్నది.

పరదేశపు మాట యొకటి చెప్పెదను. అమెరికా దేశమున పల్లె బడులను పాలించుటకు ‘స్కూలు డిస్ట్రిక్టు’ అను చిన్న వలయములు కలవు. అది మన జిల్లా వంటిది కాదు. కొన్ని ఊళ్ళ బడులకు మాత్రమే పరిమితము. అచ్చటి పౌరులు సాధారణముగా ఓట్లచే ఒక బోర్డును ఎన్నుకొందురు. ఆ బోర్డు ఒక పర్యవేక్షకుని నియమించి, బడుల ఆదాయ వ్యయములను బహిరంగ సభలో చర్చించి తీర్మానించును. సేద్యము చేయువారు సైతము ఆ సభకు పోయి కూర్చుండి లెక్క అడుగుదురు.

ఆ పద్ధతియందును లోపములు లేకపోలేదు. బడుల ఖర్చులో పెద్దభాగము అచ్చటి భూములు, ఇండ్లపై వేయు పన్నునుండి వచ్చును. కావున భూమి విలువ తక్కువైన యూరిలో బడియు పేదదియే. ఈ యసమానత రాజ్యాంగ విరుద్ధము కాదని 1973లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. చిన్న వలయములు ఖర్చు భరింపలేక ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. 1939–40లో 1,17,000కు పైగా నున్నవి నేడు ఇంచుమించు 13,000 మాత్రమే మిగిలినవి. ఉపాధ్యాయులు దొరకక, ఖర్చు తగ్గించుటకై వారమునకు నాలుగు దినములే బడి నడపు పల్లెలును అచ్చట పెక్కు కలవు.

మన బడులలో ఉపాధ్యాయుని జీతము రాష్ట్రపు ఖజానానుండి వచ్చును. ఊరు పేదదైనంత మాత్రమున జీతము ఆగదు. ఈ విషయమున మనము వారికంటె మేలు. వారియందు మనము నేర్వదగినది సభకు పోవు అలవాటు ఒక్కటియే. దానికి డబ్బు అక్కరలేదు.

“చదువురాని మేము బడినేమి చూడగలము?” అని కొందరు అడుగవచ్చును. మొలక పరీక్ష చేయుటకు వృక్షశాస్త్రము చదువవలెనా? మొలచినదానిని, మొలవనిదానిని లెక్కించుటకు కన్నులు చాలును. పిల్లవాడు గడగడ చదివెనో, తడబడెనో వినుటకు చెవులు చాలును. నేను చదివిన మిషను బడిలో నెలకొక పరి ఊరి పెద్దలను బల్లలపై కూర్చుండబెట్టి, మాచేత వారి యెదుట చదివించెడివారు. ఆ పెద్దలలో సగము మంది నిశానీవారే. అయినను ఆ దినము వచ్చుచున్నదనిన మాకును, మా ఉపాధ్యాయులకును నిదుర పట్టెడిది కాదు.

ఉపాధ్యాయులను నిందించుట నా యుద్దేశము కాదు. పాఠము చెప్పవలసిన వేళ వారిలో పెక్కురు ఫోటోలు తీసి పంపుచు, పట్టికలు నింపుచున్నారు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయము తప్ప వేరు పనులకు వారిని వాడరాదని చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టమును వారి పక్షమున పై యధికారులకు జ్ఞాపకము చేయవలసినదియు మన సంఘమే. అడుగువారు లేని బడిలో మంచి ఉపాధ్యాయుడును ఒంటరివాడే.

కావున నా మనవి యిది. మొదటిది, బడి సంఘపు సమావేశము కూలి పనులు ముగిసిన సాయంకాలము జరుగవలెను. అప్పుడు గాని తల్లులు రాలేరు. రెండవది, మూడు నెలలకొకసారి 3, 4, 5 తరగతుల పిల్లలందరు ఊరి యెదుట ఒక పుట చదువవలెను, ఒక లెక్క చేయవలెను. ఎందరికి వచ్చెనో ఆ సంఖ్య మాత్రమే పలకపై వ్రాయవలెను. పిల్లల పేరులు వ్రాయరాదు, ఎవ్వరిని అవమానింపరాదు. మూడవది, బడికి వచ్చిన సొమ్ము, ఖర్చు బడి గోడపై వ్రాయింపవలెను. మన సంఘములో లెక్క చదివినట్లే అచ్చటను చదువవలెను. నాలుగవది, మధ్యాహ్న భోజనమును వంతులవారీగా ఇద్దరు తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి తినవలెను. రుచి చూచువారున్న చోట పప్పు పలుచబడదు. అయిదవది, లాభము వచ్చిన సహకార సంఘములు తమ నియమావళి అనుమతించినంత మేరకు, వెనుకబడిన పిల్లలకు సాయంకాలము చదువు చెప్పు ఊరి యువతి యొకతెకు కొంత భృతి నీయవలెను.

పిల్లలను వేరు బడికి పంపువారు సంఘమున సభ్యులు కాలేకపోయినను, వినుటకు రావచ్చును. పెద్దరైతు వచ్చి వెనుక వరుసలో కూర్చుండినచో, ముందు వరుసలోని కూలితల్లికి ప్రశ్న అడుగుటకు ధైర్యము కలుగును. ఆమె ప్రశ్నను ఆయన తన నోట లాగుకొనకుండిన చాలును.

సభ్యులు మహాసభకు రాని సహకార సంఘము ఏమగునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. దివాలా తీసిన సంఘములను మనమందరము చూచితిమి. బడి దివాలా తీసినచో ఏ బ్యాంకియు నోటీసు పంపదు. పదియేండ్ల పిమ్మట పొలము గట్టున మందు డబ్బా చేతబట్టి నిలిచిన పిల్లవానియందు మాత్రమే అది కనబడును. వచ్చు సంఘ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని సభ్యులను ప్రార్థించుచున్నాను. మొలక పరీక్ష చేసిన పిమ్మట సంఖ్య తక్కువగా వచ్చినను సిగ్గుపడ నక్కరలేదు. పరీక్షయే చేయకుండుట సిగ్గు.