మన జట్టంటే ఎవరి జట్టు?

ఇంగ్లీషులో 'అవర్' అనే మాటతో ఒక సుఖం ఉంది. అందులో ఎవరెవరు ఉన్నారో, ఎవరు లేరో చెప్పక్కర్లేదు. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. ఎదుటి మనిషిని కలుపుకుంటే 'మన' అనాలి, కలుపుకోకపోతే 'మా' అనాలి. నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి. మా ఊరి కొత్త బేస్‌బాల్ పార్కు గురించి ఇక్కడి రాజకీయ నాయకులూ, పత్రికలూ, దుకాణాల వాళ్లూ 'అవర్ టీమ్', 'అవర్ పార్క్' అంటున్నప్పుడల్లా నాకు ఈ వ్యాకరణమే గుర్తొస్తుంది. వీళ్లు అంటున్నది 'మన' అనా, 'మా' అనా?

నేనుండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో. ఒకప్పుడు మిల్లులూ, ఫ్యాక్టరీలూ నడిచిన ఊరు. బోస్టన్ పక్కన ఉండటం వల్ల ఎప్పుడూ కాస్త చిన్నబుచ్చుకుని ఉండే ఊరు. 2018 ఆగస్టులో ఈ ఊరికి పండగలాంటి వార్త వచ్చింది. బోస్టన్ రెడ్ సాక్స్ అనే పెద్ద జట్టుకి కింద, దాని ఆటగాళ్లని తయారుచేసే మైనర్ లీగ్ జట్టొకటి రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌ని వదిలి ఇక్కడికి వస్తోందని! ఊరి నడిబొడ్డున, కెనాల్ డిస్ట్రిక్ట్ పక్కన పోలార్ పార్క్ కట్టారు. 2021 మే 11న, కోవిడ్ కారణంగా పావు వంతు ప్రేక్షకులతో, తెరిచారు. సుమారు 9,500 మంది పట్టే పార్కు. మొదట వంద మిలియన్ డాలర్లన్నారు. పూర్తయ్యేసరికి సుమారు 160 మిలియన్లయింది. అందులో ఎక్కువ భాగం నగర ప్రభుత్వం చేసిన అప్పు.

ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే ఇక్కడే పాఠాలు చెప్పే ఒక స్నేహితురాలు నవ్వింది. "స్టేడియం మీద స్త్రీవాద వ్యాసమేమిటే? వాళ్లేదో బంతాట ఆడుకుంటున్నారు, ఆడుకోనీ" అంది. సరిగ్గా ఆ 'ఆడుకోనీ' గురించే నా పేచీ. మగవాళ్ల ఆట ఊరి ఆట అవుతుంది. దానికి ఊరి డబ్బు పెట్టడం సహజంగా కనిపిస్తుంది. అడిగిన ఆడదాన్ని ఆనందం తెలియని మనిషిగా చూస్తారు.

ఆనందం తెలియదని మాత్రం నన్ననొద్దు. నేనూ వెళ్లాను. నా కూతురు పదేళ్లదిగా ఉన్నప్పుడు మొదటిసారి తీసుకెళ్లాను. సాయంత్రపు ఎండ, కొత్త పచ్చిక, పక్క సీట్లో కూర్చున్న ముసలావిడ నాకు ఓపిగ్గా ఆట నియమాలు చెప్పడం... ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య అంత తేలిగ్గా కూర్చున్నది అప్పుడే. టోపీ కూడా కొనుక్కున్నాను. అందుకే కోపం ఎక్కువ. నాకు నిజంగా ఇష్టమైనదాన్ని అడ్డం పెట్టుకుని నా నోరు మూయిస్తున్నారు.

డబ్బు సంగతి మామూలు మాటల్లో చెబుతాను, ఎందుకంటే దాన్ని మామూలు మాటల్లో చెప్పకపోవడమే ఇందులోని కిటుకు. నగరం బాండ్లు జారీచేసి అప్పు తెచ్చింది. పార్కు చుట్టూ కొత్త అపార్టుమెంట్లూ, ఆఫీసులూ, హోటళ్లూ వస్తాయనీ, వాటి ఆస్తిపన్నూ, జట్టు కట్టే అద్దే, పార్కింగు రుసుమే ఆ అప్పు తీరుస్తాయనీ, మామూలు పన్ను కట్టేవాళ్ల మీద పైసా భారం పడదనీ చెప్పింది. 2018 సెప్టెంబరులో కౌన్సిల్ ఆమోదించింది. ఊరి జనాన్ని ఓటు అడగలేదు. అయితే చుట్టూ లేస్తాయన్న భవనాలన్నీ చెప్పిన టైముకి లేవలేదు. భవనం లేకపోతే పన్ను లేదు. పన్ను రాకపోయినా బాండ్ల కిస్తీ ఆగదు. ఆ తేడా పడేది బడికీ, లైబ్రరీకీ, వృద్ధుల సేవలకీ డబ్బిచ్చే ఆ సంచీ మీదే. ఆ సంచీకి చిల్లు పడితే ముందుగా తెలిసేది ఎవరికి? బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కార్యక్రమం ఆగిపోతే ఉద్యోగం గంటలు తగ్గించుకునేది ఎవరు? ఇంట్లో ముసలివాళ్ల పని ఎవరి మీద పడుతుంది? నగర బడ్జెట్‌లో రాయని పద్దు అది. దాన్ని రోజూ కడుతున్నది ఆడవాళ్లే.

స్టేడియాలు ఊళ్లని బాగుచేయవన్న మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఆర్థికశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు. మా ఊరి హోలీ క్రాస్ కాలేజీలోనే పనిచేసే విక్టర్ మథీసన్ ఆ చెబుతున్నవాళ్లలో పేరున్న మనిషి. వాళ్ల వాదన తేలిక. జనం వినోదానికి ఖర్చుపెట్టే డబ్బు కొత్తగా పుట్టదు, ఒక వీధి హోటల్లోంచి ఇంకో వీధి హోటల్లోకి మారుతుంది. ఈ స్థాయి జట్టు సొంత ఊళ్లో ఆడేది ఏడాదికి 75 ఆటలు. ఇంకో సంగతి, ఆటగాళ్ల జీతాలిచ్చేది స్థానిక యజమాని కాదు, పైనున్న పెద్ద జట్టు. అంటే మైదానం కట్టేది ఊరు, ఆటగాళ్లని పోషించేది బోస్టన్. టిక్కెట్టూ, బీరూ, టోపీ అమ్ముకునేది యజమాని. ఇంత చక్కటి కాపురం ఎవరికి దొరుకుతుంది!

ఆ యజమాని ఎవరన్నది కూడా చూడండి. 2023 డిసెంబరులో వూసాక్స్‌ని డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ అనే కంపెనీకి అమ్ముతున్నట్టు ప్రకటించారు. దాని వెనకున్నది సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థ. అమెరికా అంతటా నలభైకి పైగా మైనర్ లీగ్ జట్లు ఆ ఒక్క కంపెనీ చేతిలోకి వెళ్లాయి. అన్ని ఊళ్లలోనూ 'అవర్ టీమ్' అనే అరుస్తారు. అప్పు చేసేటప్పుడు 'మన' జట్టు, అమ్ముకునేటప్పుడు 'మా' జట్టు! ఇది అమెరికా రోగం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఉప్పల్‌లో 'మన హైదరాబాద్' అని గొంతు చించుకునే ఐపీఎల్ జట్టు యజమాని చెన్నై కంపెనీ. 2023లో ఆడవాళ్లకి ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు మిథాలీ రాజ్‌ని పెంచిన హైదరాబాద్ పేరుతో అందులో జట్టే లేదు.

పాటకెట్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి మెకాయ్ స్టేడియం 1942 నాటిది. 1981లో 33 ఇన్నింగ్సులు సాగిన, బేస్‌బాల్ చరిత్రలోకెల్లా పొడవైన ప్రొఫెషనల్ ఆట జరిగింది అక్కడే. దశాబ్దాలపాటు అదీ 'మన' జట్టే. జట్టు వెళ్లిపోయింది. స్టేడియాన్ని కూలగొట్టారు. ఒక పేద ఊరి గుండెని ఇంకో బీద ఊరు వేలంపాటలో గెలుచుకుంది. దాన్ని మేం విజయమన్నాం.

ఇప్పుడు నేను సిగ్గుపడుతూ ఒప్పుకోవాల్సిన విషయం. ఈ ఒప్పందం కుదిరిన 2018లోనే వూస్టర్‌కి ఇంకో ప్రొఫెషనల్ జట్టు వచ్చింది. ఆడవాళ్ల ఐస్ హాకీ జట్టు, వూస్టర్ బ్లేడ్స్. ఇప్పుడు పోలార్ పార్క్ ఉన్నచోటికి నడిచి వెళ్లేంత దూరంలో, అదే కెనాల్ డిస్ట్రిక్ట్‌లోని ఐస్ సెంటర్‌లో ఆడారు. ఆ లీగ్ ఆడవాళ్లకి చాలా ఏళ్లు జీతమే ఇవ్వలేదు. 2017లో మొదలుపెట్టాక సీజనుకి 2 వేల నుంచి 10 వేల డాలర్లు. పగలు ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు. ఇక్కడ ఆడిన ఒక్క సీజన్లో ఆ జట్టు ఒక్క ఆట కూడా గెలవలేదు. 2019 వసంతంలో లీగే మూతపడింది. జట్టు పోయింది. దానికోసం ఎవరూ బాండ్లు జారీచేయలేదు, రోడ్లు తిప్పలేదు, దీపాలు పెట్టలేదు. స్త్రీవాదినని చెప్పుకునే నాకు ఆ జట్టు ఉందని తెలిసింది అది పోయాక. నేను టోపీ కొన్నది మాత్రం మగవాళ్ల జట్టుది.

"ఆడవాళ్ల ఆటకి జనం రారు కదా, మార్కెట్ లేదు కదా" అంటారు. మరి మార్కెట్టే అన్నీ తేల్చేదైతే మగవాళ్ల ఆటకి 160 మిలియన్ల పార్కు ఎందుకు కట్టాల్సి వచ్చింది? టిక్కెట్లమ్ముకుని కట్టుకోవచ్చుగా! అభిమానం గాల్లోంచి పుట్టదు. దానికి చోటు కావాలి, బస్సు కావాలి, పేపర్లో రోజూ అరపేజీ కావాలి, తాత నుంచి మనవడికి చెప్పుకునే కథలు కావాలి. ఇవన్నీ మగవాళ్ల ఆటకి తరాలుగా సమకూర్చిపెట్టి, ఆడవాళ్ల ఆటని ఉత్త చేతులతో బజారులో నిలబెట్టి 'అమ్ముడుపోవా?' అని అడగడం న్యాయమా?

నా కూతురు బేస్‌బాల్ ఆడతానంటే బడిలో చెప్పిన మాట, "ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ ఉంది." ఆ 'ఉంది' వెనక ఒక చరిత్ర ఉంది. 1972లో న్యూజెర్సీలో మరియా పేపీ అనే పన్నెండేళ్ల పిల్ల లిటిల్ లీగ్‌లో మూడు ఆటలు ఆడింది. ఆ సంస్థ ఒత్తిడి తెచ్చి ఆమెని తీయించింది. కేసు నడిచి, 1974లో తలుపులు తీయక తప్పలేదు. అదే ఏడాది ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టారు. తలుపు తీసినట్టే తీసి, పక్కన ఇంకో చిన్న తలుపు పెట్టి అటు చూపించారు. మా చిన్నప్పుడు ఆంధ్రాలో మా బడి మైదానమంతా మగపిల్లల క్రికెట్‌ది, గోడ వారన టెన్నికాయిట్ మాది. సముద్రాలు దాటినా గోడ వారే!

అంపైర్ల సంగతీ అంతే. పామ్ పోస్టెమా 1977 నుంచి 1989 వరకూ మైనర్ లీగుల్లో అంపైరింగ్ చేసింది. వూసాక్స్ ఆడే ఈ ట్రిపుల్-ఎ స్థాయి దాకా వచ్చి, ఇక్కడే ఆగిపోయింది. పై మెట్టు ఎక్కనివ్వకుండా ఇంటికి పంపారు. ఒక స్త్రీ ఆ మెట్టెక్కి మేజర్ లీగ్ ఆటలో అంపైర్‌గా నిలబడింది 2025 ఆగస్టులో. పేరు జెన్ పావల్. ముప్ఫై ఆరేళ్లు పట్టింది. మగపిల్లలకి మైనర్ లీగ్ నిచ్చెన. ఆడవాళ్లకి ఇంతకాలం అది పైకప్పు.

ఇదంతా వూస్టర్‌లో మాట్లాడుకోవడంలో ఒక ఔచిత్యం ఉంది. అమెరికాలో మొట్టమొదటి జాతీయ మహిళా హక్కుల మహాసభ 1850 అక్టోబరు 23, 24 తేదీల్లో జరిగింది ఈ ఊళ్లోనే. లూసీ స్టోన్, సోజర్నర్ ట్రూత్ వచ్చారు. ఇక్కడే లిబర్టీ ఫామ్ అనే పొలంలో ఏబీ కెల్లీ ఫాస్టర్ ఉండేది. బానిసత్వం మీదా, ఆడవాళ్ల హక్కుల కోసమూ జీవితమంతా పోరాడిన మనిషి. 1870ల్లో ఆమే, భర్త స్టీఫెనూ పన్ను కట్టమని మొండికేశారు. ఓటు లేని మనిషి దగ్గర పన్ను వసూలు చేసే హక్కు మీకెక్కడిదని ఆమె అడిగింది. 1874లో ప్రభుత్వం ఆ పొలాన్ని వేలానికి పెట్టింది.

పోలార్ పార్క్ పక్కనున్న కూడలి పేరు కెల్లీ స్క్వేర్. ఈ ఊరికి వచ్చిన కొత్తలో అది ఆమె పేరే అనుకుని ఎంత సంబరపడ్డానో! కాదు, ఒక సైనికుడి పేరు. దశాబ్దాలుగా ప్రమాదాలకి పేరుమోసిన ఆ కూడలిని, బేస్‌బాల్ పార్క్ వస్తోందనగానే రాష్ట్రం డబ్బుపెట్టి తిరగ్గట్టింది. అంతకుముందు పిల్లల్ని పట్టుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాన్ని దాటిన తల్లుల కోసం మాత్రం కట్టలేదు.

ఓటు వచ్చి వందేళ్లు దాటిన నాకు ఏబీ కెల్లీలా పన్ను ఎగ్గొట్టే ధైర్యం లేదు. కానీ ఆమె ప్రశ్న ఇంకా తీరలేదు. పన్ను తీసుకునేటప్పుడు నన్ను కలుపుకున్నవాళ్లు, నిర్ణయం తీసుకునేటప్పుడు ఎందుకు కలుపుకోరు? పార్కుని కూలగొట్టమని నేననడం లేదు. కట్టేశారు, అప్పు మనదే. అయితే అది నిజంగా మనది కావాలి. ఆట లేని రోజుల్లో ఆ పచ్చిక ఎవరికివ్వాలో తేల్చే చోట ఆడపిల్లల తల్లులూ, ఆ పిల్లలూ కూర్చోవాలి. బేస్‌బాల్ ఆడతానన్న ప్రతి ఆడపిల్లకీ ఆ మైదానంలో ఆడే రోజు ఉండాలి. అప్పు లెక్క ఏటా అందరికీ అర్థమయ్యే భాషలో, ఈ ఊళ్లో మాట్లాడే భాషలన్నిటిలో అచ్చువేసి పంచాలి. ఇకముందు ఏ ఊరైనా ఇలాంటి పార్క్ కట్టాలంటే ముందు జనాన్ని ఓటు అడగాలి, జట్టుని అమ్మితే ఊరికి వాటా ఉండాలి.

ఇవన్నీ వచ్చేదాకా నేను ఆటకి వెళ్లడం మానను. పక్కసీటు ముసలావిడతో కబుర్లు చెబుతాను, టోపీ పెట్టుకుంటాను. కౌన్సిల్ సమావేశానికి కూడా అదే టోపీతో వెళతాను. అక్కడెవరైనా 'అవర్ టీమ్' అంటే లేచి నిలబడి ఒక్కటే అడుగుతాను. అయ్యా, తెలుగులో చెప్పండి, మనదా, మీదా?