గోడ మీద కరెంటు బిల్లు

పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయాన్ని వదిలిన కృష్ణ నీరు వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటుకుని ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ, అక్కడి నుంచి పూండి జలాశయానికి మరో 25 కిలోమీటర్లు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుంటే, పూండికి మొదటిసారి ఆ నీరు చేరేసరికి 1996 వచ్చింది. చెన్నైకి ఏడాదికి 12 టీఎంసీలు అందాలన్నది ఒప్పందం. చాలా ఏళ్లు ఆ లెక్క నిండలేదు.

ఆ పూండికి కనకమ్మ సత్రం ఎంతో దూరంలో లేదు. చెన్నై నుంచి తిరుపతి వెళ్లే రోడ్డు మీద తిరువళ్లూరు దాటాక, తిరుత్తణికి ముందు వచ్చే ఊరు. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బడిలో అరవం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ చాలా ఉన్నాయి. కృష్ణ నీరు ఎంత కష్టపడి ఇటు వస్తుందో వీరికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీరు అంత దూరం నుంచి అడిగి తెచ్చుకుంటున్నా, నీటికీ దాన్ని ఎత్తిపోసే కరెంటుకూ కావలి లేని చోటు ఒకటుంది. అది సర్కారు భవనం. వి.ఏ.ఓ. (గ్రామ పాలనాధికారి) ఆఫీసు కావచ్చు, బడి కావచ్చు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావచ్చు, తాలూకా ఆఫీసు కావచ్చు. డాబా మీద ట్యాంకు పొంగి గోడ వెంబడి నీళ్లు కారుతుంటాయి, ఆ మేర గోడంతా నాచు పట్టి ఉంటుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటుంది. మరుగుదొడ్డి కుళాయికి గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. సరిహద్దు దాటి నగరి, పుత్తూరు, చిత్తూరు వెళ్లినా ఇంతే. దీనికి ఉద్యోగుల్ని తిట్టి ఊరుకోవడం తేలిక. నేను ఆ పని చెయ్యను. ఆఫీసులో ఫ్యాను ఆర్పని గుమాస్తాయే ఇంటికెళ్లాక పిల్లవాడు లైటు ఆర్పకపోతే కేకలేస్తాడు. ఇంటి బిల్లు ఆయన జీతంలోంచి పోతుంది. ఆఫీసు బిల్లు ఎవరి కంటా పడదు.

ఫ్యాను ఒకరు కొంటారు, దాని కింద ఇంకొకరు కూర్చుంటారు, అది తినే కరెంటుకు మూడోవారు డబ్బు కడతారు. టెండరులో తక్కువకు కోట్ చేసినవారిదే సరుకు. ఆ ఫ్యాను పదిహేనేళ్లపాటు తినబోయే కరెంటు ఖర్చు ఆ టెండరు కాగితంలో ఎక్కడా కనిపించదు. భవనం అప్పగించాక రెండు నెలలకోసారి వచ్చే ఇ.బి. (విద్యుత్ బోర్డు) బిల్లు సెక్షన్లో ఒకరి బల్ల మీదికి వస్తుంది, అక్కడి నుంచి ట్రెజరీకి పోతుంది. పోయినసారి కంటే ఎందుకు పెరిగిందని అడిగే నాథుడు లేడు. ఎవరైనా పట్టుదలగా తగ్గించినా ఆ ఆఫీసుకు దక్కేదేమీ లేదు. మిగిలిన సొమ్ము మార్చి 31తో మురిగిపోతుంది. పైగా ఆ పద్దు కింద వచ్చే ఏటి కేటాయింపులో కోత పడుతుందన్న భయం. పొదుపు చేసిన ఆఫీసు నష్టపోయే ఏర్పాటు ఇది. ఇలాంటి ఏర్పాటు పెట్టుకుని గోడల మీద 'కరెంటు ఆదా చేయండి' అని రాయించడం వల్ల ప్రయోజనం లేదు.

లెక్క వేసి చూద్దాం. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడు దొరికే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను దాదాపు అంతే గాలినిస్తూ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 250 పనిదినాలు వేసుకుంటే ఒక్కో ఫ్యాను మీద 90 యూనిట్ల తేడా. ఇరవై ఫ్యాన్ల ఆఫీసులో అది 1,800 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి 14,400 రూపాయలు. కొత్త ఫ్యానుకు పదిహేను వందలు అదనంగా పెట్టినా రెండేళ్లు దాటగానే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. రాత్రీ పగలూ ఫ్యాన్లు తిరిగే ఆసుపత్రి వార్డులోనైతే ఆరేడు నెలలు చాలు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి ఏది ఎంత తింటుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. టెండరు షరతుల్లో 'ఐదు స్టార్లు' అన్న రెండు మాటలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. దానికి బిల్లే లేదు. చాలా ఆఫీసులకు సొంత బోరు ఉంటుంది, మీటరు ఉండదు. వాడిన నీరెంతో, వృథా అయిన నీరెంతో ఏ రిజిస్టరులోనూ దొరకదు. కానీ ఆ ఖర్చు కరెంటు బిల్లులో దాక్కుని ఉంటుంది. రెండు వందల అడుగుల లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి అరిగిపోయిన పాత మోటారు అర యూనిట్ దాకా తీసుకుంటుంది. ట్యాంకు పొంగిన ప్రతిసారీ నీరూ కరెంటూ రెండూ కలిసి మురిక్కాలువలోకి పోతున్నాయి. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ కొన్ని వందల రూపాయల వస్తువు. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు పదిహేను, ఇరవై లీటర్లు పారబోస్తుంది. దానికి కావలసింది ఒక వాషరు. ఆ వాషరు కొనే అధికారం ఆ ఆఫీసులో ఎవరికీ లేకపోవడం, దానికోసం పై ఆఫీసుకు కాగితం పెట్టాల్సి రావడం, ఆ కాగితం తిరిగి వచ్చేలోగా పైపే తుప్పుపట్టి పోవడం, ఇదీ మన వ్యవస్థ.

వాన నీటి విషయంలో తమిళనాడు ఒకప్పుడు దేశానికి దారి చూపింది. 2003లో ఇళ్లతో సహా ప్రతి భవనానికీ వాన నీటి సేకరణను తప్పనిసరి చేసింది. గడువు పెట్టి, కనెక్షన్లు కోస్తామని హెచ్చరించి మరీ చేయించారు. తర్వాతి ఏళ్లలో చెన్నై బావుల్లో నీటిమట్టం పెరిగింది. ఆ పని గొప్పది, దాన్ని మెచ్చుకోవాలి. కానీ గుంత తవ్వించినంత శ్రద్ధ పూడిక తీయించడంలో ఉండదు. ఏటా ఆశ్వయుజానికి ముందు ఆకులూ మట్టీ ఎత్తిపోయాలి, కంకర కడగాలి, విరిగిన పైపు మార్చాలి. ఈ పని ఎవరిదో రాసిపెట్టి లేకపోతే అది ఎవరి పనీ కాదు. తిరువళ్లూరు జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు నీరు. రెండు వందల చదరపు మీటర్ల బడి డాబా మీద ఏటా 2,20,000 లీటర్లు పడుతున్నాయన్నమాట. ఐదో వంతు పోయినా 1,76,000 లీటర్లు నేలలోకి దించవచ్చు. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు అడుగంటాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి చెన్నైకి నీళ్ల రైలు వచ్చింది. యాభై వ్యాగన్లలో తెచ్చింది 25 లక్షల లీటర్లు. పదిహేను బడుల డాబాల మీద ఒక ఏడాది పడే వాన అంతకంటే ఎక్కువే.

ఇక ఎండ. బాటసారుల కోసం పాతకాలంలో కట్టిన సత్రాల్లో ఎత్తైన కప్పు, నడుమ మండువా, చుట్టూ వసారా, వెనక బావి ఉండేవి. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాసు డాబా కింద వైశాఖంలో కూడా మనిషి కునుకు తీయగలిగేవాడు. కరెంటు లేని రోజుల్లో కట్టడమే చల్లదనాన్నిచ్చింది. ఇప్పటి సర్కారు భవనం తక్కువ ఎత్తులో వేసిన సిమెంటు శ్లాబు. ఎండ పగలంతా దానిలోకి ఎక్కి, సాయంత్రం నుంచి కిందికి దిగుతుంది. అందుకే ఏసీలు, అందుకే బిల్లు. పాత పద్ధతిలో మళ్లీ కట్టమని నేననను. కనీసం ఉన్న శ్లాబు మీద తెల్లని పూత వేయమంటున్నాను. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాలకు అలాంటి కప్పు తప్పనిసరి అంది. 2028 నాటికి రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అలా మారాలన్నది లక్ష్యం. వేసవి రాగానే డాబాకు సున్నం కొట్టించే అలవాటు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. బళ్లకు ఆ మాత్రం చేయించడానికి మార్చిలో ఒక్క వారం చాలు.

పెద్ద భవనాలకు మార్గదర్శకాలు లేకపోలేదు. 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి ఉంది. కానీ అది 100 కిలోవాట్లు, ఆపైన లోడు ఉన్న కట్టడాలకు ఉద్దేశించింది. ఊరి ఆరోగ్య కేంద్రం, పోలీసు స్టేషను, రేషన్ దుకాణం ఆ గీతకు చాలా కింద ఉంటాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భాగస్వామ్యంతో హైదరాబాదులో కట్టిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన తొలి భవనం అది. చూసి నేర్చుకోవలసిన కట్టడమే. అయితే కనకమ్మ సత్రం లాంటి ఊళ్లకు అలాంటి భవనం అవసరం లేదు. ఉన్న భవనానికి దిక్కు కావాలి.

డబ్బు లేదంటారు. విశాఖపట్నం ఆ మాటకు జవాబు చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని వీధి దీపాల్ని కూల్చేశాక, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ సొంత పెట్టుబడితో నగరమంతా తొంభై వేలకు పైగా ఎల్ఈడీ దీపాలు బిగించింది. కార్పొరేషన్ ఆ బాకీని తగ్గిన కరెంటు ఖర్చులోంచి వాయిదాల్లో తీర్చే ఏర్పాటు చేసుకుంది. అదే సంస్థ 2017లో ప్రభుత్వ భవనాలకు కూడా అదే తరహా పథకం పెట్టింది. కాబట్టి లోటు డబ్బులో లేదు. ఆదా అయింది ఎంతో కొలిచి చూపించే నాథుడు లేకపోవడంలో ఉంది.

ఒక అభ్యంతరానికి నేను తప్పక తలవంచుతాను. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులు గంటల తరబడి కూర్చుంటారు, తాలూకా ఆఫీసు వసారాలో ముసలివాళ్లు పింఛను కాగితాల కోసం నిలబడతారు. పొదుపు పేరుతో వాళ్ల నెత్తిన ఫ్యాను ఆపితే అది పాపం. టీకాల ఫ్రిజ్ ఒక్క గంట కూడా ఆగకూడదు. నేను అడిగేది ఫ్యాను ఆపమని కాదు, తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాను పెట్టమని. నిజానికి ఇవాళ వసారాలో నిలబడ్డవాళ్ల మీద ఫ్యానే లేదు. లోపల ఖాళీ గదిలో వృథాగా పోతున్న కరెంటుతోనే బయట వాళ్లకు గాలి ఇవ్వొచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2008 నుంచి ఒక నియమం ఉంది. ప్రజలు వచ్చిపోయే పెద్ద ప్రభుత్వ భవనాల గుమ్మం దగ్గర, ఆ భవనం ఏడాదిలో ఎంత ఇంధనం వాడిందో ఏ నుంచి జీ దాకా గ్రేడు వేసి, అందరికీ కనిపించేలా కాగితం అంటించాలి. మొదట వెయ్యి చదరపు మీటర్లు దాటిన భవనాలకే ఉన్న ఆ నియమాన్ని తర్వాత 250 చదరపు మీటర్ల దాకా దించారు. మనకు అంత గ్రేడు కూడా అక్కర్లేదు. ప్రతి సర్కారు ఆఫీసు గోడ మీద ఒక బోర్డు ఉండాలి. ఈ బిల్లు ఎన్ని యూనిట్లు, పోయిన ఏడు ఇదే నెలల్లో ఎన్ని, బోరు మీటరు ఎంత చూపించింది, వీటిని చూసుకునే ఉద్యోగి ఎవరు. అంతే. బోరుకు మీటరు పెట్టాలి. తగ్గించిన సొమ్ములో సగం ఆ ఆఫీసుకే వదలాలి. వాషరు, పైపు, బల్ల, వచ్చినవాళ్లకు మంచినీళ్ల కుండ, ఏది కావాలంటే అది కొనుక్కోనివ్వాలి. 2021లో వచ్చిన కేంద్ర విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం కింద ప్రభుత్వ కార్యాలయాలకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని ఎలాగూ ఉంది. ఆ మీటరు చూపించే అంకెను లోపల దాచకుండా బయట గోడకు ఎక్కించమనే నా కోరిక.

తిరువళ్లూరు కలెక్టరు తలచుకుంటే తన జిల్లాలో దీన్ని ఒక్క సర్క్యులరుతో మొదలుపెట్టవచ్చు. తన కలెక్టరేటు గోడ నుంచే మొదలుపెడితే మరీ మంచిది. అంతవరకూ ఆగనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీ ఊరి ఆఫీసును మీరే అడగొచ్చు: మూడేళ్ల కరెంటు బిల్లులు, మోటారు ఎన్ని హార్స్‌పవర్, వాన నీటి గుంత పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. వచ్చిన జవాబును గ్రామసభలో అందరి ముందూ చదవండి. తమిళనాడులో మార్చి 22న, ప్రపంచ జల దినోత్సవం రోజు, గ్రామసభ ఉంటుంది. దరఖాస్తు ఫిబ్రవరి మొదట్లో పెడితే జవాబు ఆ సభకు అందుతుంది.